తోక లేని గొర్రెపిల్ల

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పైన, తలుపు వేసుకున్న గదిలో అనిక. హాల్లో టీవీ ముందు, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని అనిక నాయనమ్మ లక్ష్మీకాంతమ్మ. వంటగదిలో అనిక వాళ్ళమ్మ లీల ఆంటీ, ఆవిడ పక్కన గిన్నెలు తుడుస్తూ సువార్త వాళ్ళమ్మ కరుణమ్మ. కింద బేస్‌మెంట్‌లో, ఫర్నేస్ పక్కన మంచం మీద, పొద్దున, ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టలాదివారం ప్రసంగం చెప్పి గొంతు బొంగురుపోయి పడుకున్న సువార్త వాళ్ళ నాన్న పాపయ్య. పైకీ కిందకీ కాకుండా మెట్ల మధ్యలో కూర్చుని సువార్త. ఇంటాయన భాస్కర్ అంకుల్ ఒక్కడే లేడు. వస్తూ వస్తూ ఆయన వ్యాన్‌లో ఇంకో ప్రాణిని తెచ్చాడు.

గ్యారేజీ తలుపు లేచిన చప్పుడైంది. ఆ వెంటనే ఎవరూ పొరపాటుపడటానికి వీల్లేని అరుపు. సువార్త చేతిలోని పుస్తకం పక్కన పెట్టేసింది. అద్దంకి దగ్గర ఊరొదిలి అమెరికాలో ఈ ట్రాయ్‌కి వచ్చాక ఆ అరుపు వినడం ఇదే మొదలు.

"సువార్తా, ఒకసారి రామ్మా. నీకు అలవాటే కదా," అని పిలిచాడు అంకుల్.

కుక్కలని పెట్టే ప్లాస్టిక్ పెట్టెలో గొర్రెపిల్ల. తెల్లగా, ముక్కు దగ్గర మాత్రం మసి రాసినట్టు నల్లగా ఉంది. వాకిలి అంచున ఇంకా కరగని మంచు కుప్ప నుంచి చలి లోపలికి కొడుతోంది. అది నాలుగు కాళ్ళూ దగ్గరికి చేర్చి వణుకుతోంది. ఇంటిల్లిపాదీ చేరారు. అనిక కూడా చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసి మెట్ల మీద నిలబడింది.

అంకుల్ చెప్పాడు. రెండు వారాల కిందట సండేస్కూల్లో అనిక ఒక ప్రశ్న అడిగింది: దేవుడికి మన సారీ కావాలంటే సారీ చెప్తే చాలదా, మధ్యలో జంతువుని ఎందుకు చంపాలి అని. మిగతా పిల్లలు నవ్వారు. జవాబు ఎవరూ చెప్పలేదు. సంఘపెద్దగా ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. "మన పిల్లలకి మాంసం అంటే ప్యాకెట్. రక్తం అంటే పాటలో ఒక మాట. అంతే," అన్నాడు. ఐగుప్తు విడిచే ముందు ఇశ్రాయేలీయుల్ని గొర్రెపిల్లని నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకోమన్నాడు దేవుడు. ఎందుకు? అలవాటు కావడానికి. అలవాటైనదాన్ని ఇవ్వడానికి. గురువారం సాయంత్రం సంఘంలో పిల్లలందరినీ ఫార్మ్‌కి తీసుకెళ్తారు. ఒక్కొక్కరూ దాని తల మీద చెయ్యి పెడతారు. పాస్టరుగారు వాక్యం చెప్తారు.

"కత్తి నేనే పట్టుకుంటా," అన్నాడు చివర్లో. ఆ మాట అంటూ అరచేతులు ప్యాంటుకి తుడుచుకోవడం సువార్త చూసింది.

లక్ష్మీకాంతమ్మ కిసుక్కున నవ్వింది. "కారు బ్రేకులు చేసేవాడివి, నువ్వు కత్తి పడతావురా? మీ నాన్న కోడిని కోస్తుంటే మంచం కింద దూరేవాడివి."

"అమ్మా, ప్లీజ్."

"నేనేమన్నానని? మంచం కింద నుంచి కాళ్ళు పట్టి లాగాల్సొచ్చేది," అందావిడ కోడలి వైపు తిరిగి.

పాపయ్య తువ్వాలు మెడకి చుట్టుకుని వెనగ్గా నిలబడ్డాడు. గురువారం వాక్యం తనదే అని ఆయనకీ అప్పుడే తెలిసింది. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారూ అనేవారు. ఇక్కడ, సంఘానికి పాస్టరుగా పిలిపించి ఇంట్లో చోటిచ్చిన భాస్కర్ అంకుల్‌ని ఆయనే సార్ అంటాడు. "మంచిది సార్," అన్నాడు.

పిల్లని బయటికి తీయడం సువార్త వంతయింది. మెడకి కట్టిన తాడు వదులు చేసి, ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి లేపింది. కింద దించి అలవాటుగా వీపు మీద నుంచి వెనక్కి చేత్తో నిమిరింది. ఊళ్ళో కొత్త పిల్ల రాగానే మొదట చూసేది అదే, పారుకుంటోందేమోనని. చెయ్యి ఆగిపోయింది. తోక ఉండాల్సిన చోట బొటనవేలి కణుపంత మొండి తగిలింది. ఎప్పుడో కోసి, మానిపోయి, మీద ఉన్ని మొలిచింది. పదిమంది ఉన్నచోట ఆమె ఎప్పుడూ ఏమీ అనదు.

దాని పని ఆమెకే అప్పగించారు. పొద్దున్నే గ్యారేజీలోకి వెళ్ళి తడిసిన గడ్డిని చేటలోకి ఎత్తి, పొడిగడ్డి దులిపి పరిచేది. స్టీలు గిన్నెలో నీళ్ళు పెడితే ఫార్మ్‌లో దాని మెడకి కట్టిన నంబరు రేకు గిన్నెకి తగిలి టంగుమనేది, అది బెదిరి వెనక్కి పోయేది. రేకు తీసేసి దోసిట్లో నీళ్ళు పడితే తాగింది. హీటర్ దగ్గరికి పోకుండా చెక్కబల్ల అడ్డం పెట్టింది. స్కూల్ నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా మళ్ళీ అక్కడికే.

సోమవారం సాయంత్రం అనిక వచ్చింది. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకే కారులో స్కూల్‌కి వెళ్తున్నారు. కారెక్కేటప్పుడు హాయ్, దిగేటప్పుడు బై. అనిక చెడ్డది కాదు, సువార్తతో ఏం మాట్లాడాలో తెలియనిది. ఇప్పుడు వచ్చి గడ్డిలోనే కూలబడింది.

"దీనికి నూడిల్ అని పేరు పెట్టాను. చూడు, హెయిర్ అలాగే ఉంది."

పేరు పెట్టకూడదని సువార్తకి తెలుసు. కోసేదానికి ఎవరూ పేరు పెట్టరు. ఆ మాట చెప్పలేక, చూపుడువేలూ మధ్యవేలూ మడిచి పిల్ల నోటికి ఎలా అందించాలో చూపించింది. అది అనిక వేళ్ళు చప్పరించింది. కాసేపటికి ముందుకాళ్ళు మడిచి, గడ్డం ఆమె మోకాలి మీద ఆన్చి కళ్ళు మూసుకుంది. అనిక ఊపిరి బిగపట్టి అలాగే ఉండిపోయింది, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

"హెవీగా ఉంది," అంది చాలాసేపటికి. తర్వాత గొంతు తగ్గించి, "సూ, నువ్వు బైబిల్ మొత్తం చదివావ్ కదా. అందులో ఏదో రూల్ ఉంటుంది. ఇలాంటిది చంపకూడదు అని. ఫైండ్ చెయ్. డాడ్ నా మాట వినడు, రూల్ అయితే వింటాడు."

సూ అని ఆమెని ఎవరూ పిలవలేదు అంతకుముందు. సువార్త చెయ్యి దానంతటదే పిల్ల వెనక్కి పోయింది, ఆ మొండి దగ్గరికి.

మర్నాడు సాయంత్రం పాపయ్య బేస్‌మెంట్‌లో గురువారం వాక్యం రాసుకుంటున్నాడు. కరుణమ్మ కుక్కర్‌కి బియ్యం కొలిచి, అందులోంచి పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసింది. దేవుడికని తీసే పిడికెడు బియ్యం. ఊళ్ళో ఆదివారం గుడికి పట్టుకెళ్ళేది. ఇక్కడ ఎవరికివ్వాలో తెలియక డబ్బా నిండుతూనే ఉంది.

"తల మీద చెయ్యి ఎందుకు పెడతారు నాన్నా?" అని అడిగింది సువార్త.

పాపయ్య కలం ఆపాడు. కూతురు ఇలాంటివి అడిగితే ఆయన మొహం తేటపడుతుంది. "ఊరికే తాకడం కాదమ్మా. బరువు మోపాలి," అన్నాడు. లేచి, ఆమె తల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. "ఇలా. నీ బరువు దానికి తెలియాలి, దాని వెచ్చదనం నీకు తెలియాలి. చాలామంది అనుకుంటారు యాజకుడే కోసేవాడని. కాదు. తెచ్చినవాడే కోయాలి. యాజకుడు నెత్తురు మాత్రం పట్టి బలిపీఠం దగ్గర పోస్తాడు. నెత్తుట్లో ప్రాణం ఉంది, ప్రాణం దేవుడిది, దాన్ని ఎవడూ ఉంచుకోకూడదు. తప్పు చేసినవాడు ఇంటికెళ్ళాక కూడా వాడి చేతికి ఆ వెచ్చదనం గుర్తుండాలి. అప్పుడు మళ్ళీ తప్పు చేయడానికి చెయ్యి ఆడదు. అదే అర్థం. దేవుడికి ఆకలేసి కాదు."

"పిల్లకి లోపం ఉంటే?"

"లోపం ఉంటే పనికిరాదు. గుడ్డిది, కుంటిది, ఏ అవయవమైనా తక్కువైంది బలిపీఠం మీదికి రాకూడదు."

"తోక లేకపోతే?"

పాపయ్య బైబిలు తెరిచాడు. బలిపశువు తోకని వెన్నెముక మొదలంటా తీసి అర్పించాలని ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. తోకే లేనిదాన్ని ఎలా అర్పిస్తారు? సువార్త ఇంకాస్త ముందుకి వంగింది. ఆయన ఇంకొన్ని పేజీలు ముందుకి తిప్పాడు, ఒకచోట ఆగాడు, పెదవులు కదిలించి చదువుకున్నాడు. ఏదో చెప్పబోయి కూతురి మొహం చూశాడు. బైబిలు మూసేశాడు.

"వెళ్ళి అమ్మకి సాయం చెయ్యి," అన్నాడు.

బుధవారం భోజనాల దగ్గర, పొద్దున తోక సంగతి విన్న అనిక చెప్పమన్నట్టు సువార్తని కాలితో తన్నింది. సువార్త మంచినీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి ఉంది. రెండోసారి తన్నేసరికి జగ్గు వైపే చూస్తూ అంది: "అంకుల్, దానికి తోక లేదు."

భాస్కర్ నవ్వాడు. "ఇక్కడ అన్నిటికీ చిన్నప్పుడే కట్ చేసేస్తారమ్మా. హైజీన్ కోసం." నవ్వు సగంలో ఆగింది. అన్నం వదిలేసి, చేయి కడుక్కోకుండానే గ్యారేజీలోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక పాపయ్యని పైకి పిలిపించాడు.

"పాస్టర్ గారూ, అర్పణకి ఇది పనికిరాదంటారా?"

"పనికిరాదు సార్. లేఖనం ప్రకారం పనికిరాదు."

"తోక ఉన్నది ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోమంటారా?"

"రేపటికి కష్టం సార్."

భాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. పిల్లల తల్లిదండ్రులకి మెసేజ్ పెడతానన్నాడు. దేవుడి పని సగం సగం చేయకూడదు, చేస్తే సరిగ్గా చేయాలి, లేకపోతే మానుకోవాలి అన్నాడు. అది బాధగా అనాల్సిన మాట. కానీ ఆదివారం నుంచి బిగుసుకుని ఉన్న ఆయన భుజాలు కిందికి దిగాయి. చల్లారిన అన్నంలో పెరుగు కలుపుకుని, మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. సువార్త అది చూసింది, సంతోషంలో దాని గురించి ఆలోచించలేదు.

అనిక ఆమె మణికట్టు పట్టుకుని మెట్లు ఎక్కించింది. ఎప్పుడూ మూసి ఉండే ఆ తలుపు తోసి లోపలికి లాగింది. మంచం మీద కూర్చోమంది. సువార్త అంచున కూర్చుంది. గోడ మీద సన్న లైట్ల దండ, కిటికీలో చిన్న కాక్టస్ కుండీలు. అనిక ఫోన్‌లో గొర్రెపిల్ల వీడియోలు చూపించింది. ఒకదాంట్లో సువార్త కూడా ఉంది, దోసిట్లో నీళ్ళు పడుతూ, తనకి తెలియకుండానే నవ్వుతూ.

"నువ్వు జీనియస్, సూ. సోమవారం నుంచి నా లంచ్ టేబుల్ దగ్గరికి రా. అలా లైబ్రరీలో కూర్చుని తినకు," అంది.

ఆ మాటకి సువార్త తల ఊపింది.

గురువారం స్కూల్ నుంచి వచ్చేసరికి గ్యారేజీ ఊడ్చి ఉంది. గడ్డిపరక కూడా లేదు, నేల ఫినాయిల్ వాసన వేస్తోంది. తీసుకెళ్ళిపోయానన్నాడు భాస్కర్. సమ్మర్‌లో వెళ్ళి నూడిల్‌ని చూడొచ్చా అని అడిగింది అనిక. ఆయన ఫోన్ చూసుకుంటూ, చూద్దాంలే అన్నాడు. ఫార్మ్‌కే వెళ్ళిందని ఇద్దరు పిల్లలూ అనుకున్నారు. కాదని ఎవరూ అనలేదు.

శుక్రవారం సిలువ ఆరాధన అయింది. శనివారం మధ్యాహ్నం ఈస్టర్ వంటకి తల్లికి సాయంగా సువార్త పైకి వచ్చింది. లీల ఆంటీ గ్యారేజీలోని ఫ్రిజ్ నుంచి తెల్లకాగితం చుట్టిన పొట్లాలు తెచ్చి పెట్టి, నాయనమ్మకి మందులు ఇవ్వడానికి వెళ్ళింది. కరుణమ్మ ఒక్కో పొట్లం విప్పి, ముక్కలు కడిగి, పసుపూ ఉప్పూ పట్టించమని పళ్ళెం కూతురి ముందుకి జరిపింది. సువార్త వేళ్ళతో పసుపు రుద్దుతోంది. ఎముకలు సన్నగా ఉన్నాయి. షాపులో తెచ్చేవి ఇంత లేతగా ఉండవు.

"ఏ షాపులో తెచ్చారమ్మా?"

కరుణమ్మ ఉల్లిపాయ చక్రాలు కోస్తూనే ఉంది. కత్తి చప్పుడు మాత్రం నెమ్మదించింది.

"అడక్కు," అంది.

సువార్త చేతులు పళ్ళెంలో అలాగే ఉండిపోయాయి. ముక్కలు ఫ్రిజ్‌లోంచి వచ్చినవి, ఐసులా ఉన్నాయి. కాసేపటికి చేతులు కడగకుండానే బేస్‌మెంట్‌లోకి దిగింది. పాపయ్య ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కూతురి పసుపు చేతులు చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"బుధవారం రాత్రి సార్ మళ్ళీ అడిగారమ్మా. అర్పణకి పనికిరానిదాన్ని ఏం చేయమని ఉంది అని. వాక్యం అడిగితే దాచకూడదు కదా. చదివి వినిపించాను."

"ఏమని ఉంది?"

"లోపం ఉన్నదాన్ని దేవుడికి ఇవ్వొద్దు, ఇంటి దగ్గరే తినండి అని. జింకనీ దుప్పినీ తిన్నట్టు."

ఆ పేజీలు తిప్పినప్పుడు ఆయన వేలు ఎక్కడ ఆగిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"మరి చెయ్యి ఎవరు పెట్టారు?"

పాపయ్య చొక్కా కాలరు సవరించాడు. సవరించిందే మళ్ళీ సవరించాడు. "ఎవరూ పెట్టక్కర్లేదమ్మా. అది అర్పణ కాదుగా, మాంసం. సార్ దాన్ని మాంసం షాపు దగ్గర దింపి వచ్చేశారు. వాళ్ళే చూసుకున్నారు."

కుక్కర్ పక్కన పిడికెడు బియ్యం డబ్బా ఉంది. సువార్త దాని వంక చూస్తూ నిలబడింది. తర్వాత మెట్లెక్కి, రెండో అంతస్తు దాకా వెళ్ళి, అనిక తలుపు ముందు ఆగింది. తట్టడానికి చెయ్యెత్తింది. లోపల అనిక ఫోన్‌లో ఎవరితోనో ఇంగ్లీషులో గలగలా చెబుతోంది: మా ఇంట్లో ఒకమ్మాయి ఉంది, పేరు సూ, తనే దాన్ని కాపాడింది, సోమవారం లంచ్‌లో చూపిస్తానుండు. సువార్త ఎత్తిన చెయ్యి దించుకుంది. సోమవారం ఒక్కరోజు ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే చాలనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకే మొహం కాలిపోయింది. కిందికి దిగి, వెళ్ళి మిగతా ముక్కలకి పసుపు పట్టించింది.

ఈస్టర్ ఆరాధన అయ్యాక నాలుగైదు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. భాస్కర్ ప్రార్థన చేశాడు. లేచిన ప్రభువుకీ, వండిన చేతులకీ స్తోత్రం చెప్పాడు. ఆడవాళ్ళు వడ్డనకి నిలబడ్డారు. మటన్ కూర గిన్నె సువార్త చేతికిచ్చింది లీల ఆంటీ.

పిల్లల వరసలో అనిక ముందు ఉంది. "పాస్టరమ్మగారి మటన్ ఈజ్ ది బెస్ట్," అని పక్కవాళ్ళకి చెబుతూ ప్లేట్ చాపింది. సువార్త గరిటె ముంచింది, పైకి తీసింది. గరిటె ప్లేట్ మీదికి పోలేదు. పులుసు కారి గిన్నెలోకే పడింది. ఆమె మళ్ళీ ముంచలేదు. గిన్నెని రొమ్ముకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆకుపచ్చ ఓణీ మీద నూనె మరక పాకింది.

"వెయ్యమ్మా, ఏంటలా నిలబడ్డావ్?" అంది లీల ఆంటీ.

అనిక నవ్వుతూనే ఆమె కళ్ళలోకి చూసింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

కుర్చీలోంచి లక్ష్మీకాంతమ్మ అంది: "వేయించుకోవే తల్లీ. మన గ్యారేజీలోదే, వెన్నలా ఉంది. పళ్ళు లేనిదాన్ని నేనే నమిలేశాను."

అనిక ప్లేట్ బల్ల మీద పెట్టింది, చప్పుడు కాకుండా. ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. భాస్కర్ తలెత్తి మెట్ల వైపు చూసి, పక్కాయనతో ఆగిన మాట మళ్ళీ అందుకున్నాడు. వరసలో వెనక ఉన్న పిల్లాడు ప్లేట్ ముందుకి చాపాడు. కరుణమ్మ వచ్చి కూతురి చేతిలోంచి గిన్నె తీసుకుంది.

సువార్త పైకి వెళ్ళేసరికి తలుపు సగం తెరిచి ఉంది. అనిక గది మధ్యలో, వీపు ఇటు పెట్టి నిలబడింది. సువార్త గడప దాటలేదు. తలుపు చట్రం పట్టుకుంది.

"నీకు తెలుసా?" అంది అనిక తిరక్కుండానే.

"నిన్న తెలిసింది."

"నిన్న." ఆ మాటని నోట్లోనే తిప్పినట్టు అంది. వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "డాడ్ చేసేవాడు కాదు, సూ. నాయనమ్మ చెప్పింది వినలేదా? థర్స్‌డే అందరి ముందూ కత్తి పట్టుకునేవాడు, చెయ్యి షేక్ అయ్యేది. ఏడ్చేవాడు. మళ్ళీ కారులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. నాకు మా డాడ్ తెలుసు. మనం ఏమీ చెప్పకుండా ఉంటే చాలు, అది బతికేది."

సువార్తకి భాస్కర్ భుజాలు గుర్తొచ్చాయి. పెరుగన్నం మళ్ళీ వడ్డించుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

"నువ్వు రూల్ చెప్పావ్. డాడ్‌కి ఈజీ అయిపోయింది."

రూల్ వెతకమన్నది నువ్వే కదా అన్న మాట సువార్త గొంతు దాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. కింద ఎవరో నవ్వారు, ప్లేట్లు తగిలిన చప్పుడైంది, పాపయ్య బొంగురు గొంతు ఎవరికో స్తోత్రం చెప్పింది.

అనిక దగ్గరికి వచ్చింది. తిడుతుందేమో, కొడుతుందేమో అనుకుని సువార్త కళ్ళు మూసుకుంది. అనిక తలుపు చట్రం మీద ఉన్న ఆమె వేళ్ళు పట్టుకుంది. గోళ్ళ చుట్టూ నిన్నటి పసుపు ఇంకా ఉంది. నలిగిపోకుండా ఒక్కొక్క వేలే ఊడదీసి, ఆ చెయ్యిని జాగ్రత్తగా ఆమె పక్కకే దించింది. అనిక చెయ్యి వెచ్చగా ఉంది.

తర్వాత తలుపు మూసేసింది.